కార్డు చేతిలో ఉన్నా ఓటు లేదంటే...

పాఠకురాలి ఉత్తరం:

టీచర్ గారికి నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో పని చేస్తాను. మా ఆయన బెంగుళూరులో ప్రైవేటు బస్సు డ్రైవరు. ఆయన ఓటు పలమనేరు దగ్గర వాళ్ళ పల్లెలో ఉంది. నా ఓటు తిరుపతిలోనే. పెళ్ళయ్యాక ఇక్కడే మూడు బాడుగ ఇళ్ళు మారాం. 2024 మే 13న పొద్దున ఏడింటికే వెళ్ళి గంటన్నర లైన్లో నిలబడ్డాను. తీరా లోపలికి పోతే లిస్టులో పేరు లేదన్నారు. ఇదే కార్డుతో 2014లో, 2019లో ఓటేశాను. మా పక్కింటివాళ్ళేమో బాడుగ ఇళ్ళవాళ్ళ ఓట్లు కావాలనే తీసేస్తారంటున్నారు. షాపులో నాతో పనిచేసే ఆవిడ కూతురు అమెరికాలో ఉంది. అక్కడ కూడా గుర్తింపు కార్డు రూలు పెట్టి పేదవాళ్ళ ఓట్లు తగ్గిస్తున్నారట. ఈ రూల్సన్నీ మాలాంటివాళ్ళను ఆపడానికేనా? మళ్ళీ నమోదు చేసుకుందామంటే ఇంటి ఓనరు అగ్రిమెంటు ఇవ్వనంటున్నాడు. నా కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. మా ఆయనేమో "నీ ఒక్క ఓటుతో ఏమవుతుంది, వదిలెయ్" అంటాడు. మా అత్తకు 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. ఆమెకు ఇంటి దగ్గరే ఓటు వేయిస్తారా?

సమాధానం:

అమ్మా,

నీది నా కూతురి వయసు, అందుకే నువ్వనే రాస్తున్నాను. అంతసేపు నిలబడి, లైన్లో అందరూ చూస్తుండగా వెనక్కి తిరిగి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా తిరిగి వెళ్ళిన మనిషిని టేబులుకు ఇవతల కూర్చుని చూసినదాన్ని.

2009లో చిత్తూరుకు దగ్గర్లో ఒక పల్లె బడిలో నాకు పోలింగ్ డ్యూటీ వేశారు. పదకొండు గంటలప్పుడు ఒక అవ్వ వచ్చింది. రొండిన దోపుకున్న ఆకువక్క సంచి తీసి, ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన కార్డు బయటికి తీసింది. లిస్టులో ఆమె భర్త పేరుంది, కొడుకు పేరుంది, కోడలి పేరుంది. ఆమె పేరు లేదు. రెండుసార్లు వేలు పెట్టి వెతికాం. "నేనింకా బతికే ఉండాను గదమ్మా" అనింది. రెండు పార్టీల ఏజెంట్లూ "మా ఊరి అవ్వే మేడమ్, మాకు అభ్యంతరం లేదు" అన్నారు. అయినా ఇవ్వలేం. తర్వాత తెలిసింది ఏమిటంటే, కూతురి పురుటికని ఆమె ఐదారు నెలలు బెంగుళూరులో ఉంది. ఆ రోజుల్లోనే ఇంటింటికీ తిరిగిన మనిషితో ఎవరో "ఆమె ఇక్కడ లేదు" అని చెప్పారు. ఆ ఒక్క మాట కాగితం మీదికెక్కింది. అవ్వ కార్డును మళ్ళీ కవర్లో చుట్టి, సంచి ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

నీకూ అలాంటిదే జరిగి ఉంటుందని నా అనుమానం.

ముందు కార్డు సంగతి. ఈ ఫోటో కార్డులు శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1993లో మొదలయ్యాయి. కార్డు నువ్వెవరో చెబుతుంది, అంతే. ఓటు హక్కును ఇచ్చేది జాబితా. జాబితాలో పేరున్నవాళ్ళే ఓటు వేయాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. అందుకే పేరుండి కార్డు పోగొట్టుకున్నవాళ్ళు ఆధార్, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చూపించి ఓటేస్తారు. కార్డుండి పేరు లేనివాళ్ళు మాత్రం వెయ్యలేరు. ఇంటికి వచ్చి ఇచ్చే ఓటరు స్లిప్పును కూడా 2019 నుంచి గుర్తింపుగా ఒప్పుకోవడం లేదు. స్లిప్పు చేతికొస్తే పేరు ఎక్కడుందో తెలుస్తుంది, అంతవరకే దాని ఉపయోగం.

ఆ రోజు నిన్ను పంపేసిన మనిషి ఇంకో లిస్టు కూడా చూశాడా? ఊళ్ళో లేనివాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అని ఒక విడి జాబితా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అందులో పేరున్నంత మాత్రాన ఓటు పోయినట్టు కాదు. మనిషి స్వయంగా వచ్చి గుర్తింపు చూపిస్తే, సంతకం, వేలిముద్ర తీసుకుని ఓటు వేయనివ్వాలి. అసలు జాబితాలోనే పేరు లేకపోతే మాత్రం ఆ రోజు చేయగలిగింది ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకో. పేరుంది, కానీ నీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే ఊరికే తిరిగి రాకు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడుగు. కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా కవర్లో పెడతారు.

ఇక నీ పెద్ద ప్రశ్న, ఇదంతా కావాలని చేస్తారా అని.

చట్టం ఓటు వద్దనేది చాలా కొద్దిమందికే. 18 నిండనివాళ్ళు, ఈ దేశ పౌరులు కానివాళ్ళు, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినవాళ్ళు, ఎన్నికల నేరాలకు అనర్హులైనవాళ్ళు. జైల్లో ఉన్నవాళ్ళకూ పోలింగ్ రోజు ఓటు లేదు. శిక్ష పడకుండా విచారణలో ఉన్నవాళ్ళదీ అదే పరిస్థితి. అది అన్యాయమనే నేననుకుంటాను, కానీ సుప్రీంకోర్టు 1997లో దాన్ని సరేనంది. నీ దగ్గర ఆస్తి ఉందా, చదువుందా, పన్ను కడుతున్నావా అని ఎవరూ అడగరు. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో అవన్నీ అడిగేవారు. మా తాతకు ఓటుండేది, ఆయన పొలంలో పనిచేసిన వాళ్ళకు ఉండేది కాదు. ఆ తేడాను 1950లో ఒక్క దెబ్బతో తీసేశారు.

ఇప్పుడు మనుషులను ఆపేది వద్దనే రూలు కాదు. నువ్వు ఉండే చోటికీ, నీ పేరున్న చోటికీ మధ్య ఉన్న దూరం. ఎక్కడ మామూలుగా నివసిస్తావో అక్కడే, ఒక్క చోటే పేరుండాలని చట్టం. సొంత ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఇదసలు రూలులాగే కనపడదు. పదకొండు నెలలకొకసారి సామాన్లు సర్దుకునేవాళ్ళకే ప్రతిసారీ ఎదురొస్తుంది. తర్వాతి కాలంలో నేను నాలుగేళ్ళు బీఎల్‌ఓగా, అంటే ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారిగా చేశాను. బడి అయ్యాక సాయంత్రం ఐదింటికి తిరిగేదాన్ని. మేడ మీద బాడుగ వాటాలకు అప్పుడు తాళాలే ఉండేవి. షాపుల్లో పనిచేసేవాళ్ళు రాత్రి పదింటికి కదా వచ్చేది. కింద ఓనరును అడిగితే సగంమందికి పైవాళ్ళ పూర్తి పేరే తెలియదు. "పాతవాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు" అనేవాళ్ళు. నేను మళ్ళీ వెళ్ళేదాన్ని. మళ్ళీ వెళ్ళడానికి తీరిక లేనివాళ్ళు ఏం చేసుంటారో ఊహించుకో.

కావాలని చేసేవాళ్ళు అసలు లేరని మాత్రం అనను. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేర్లు తీసెయ్యమనే ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. చాలావాటి మీద ఎవరి పేరుందో ఆ మనిషికే తెలియదు. పోలీసు కేసులు పెట్టారు. ఇంకో పక్క చూడు. 2021 ఏప్రిల్ 17న మన తిరుపతి లోక్‌సభ ఉపఎన్నికలో, ఊరితో సంబంధం లేనివాళ్ళు బస్సుల్లో దిగి దొంగ కార్డులతో ఓట్లేశారని ఎంత గొడవైందో నీకు గుర్తుండే ఉంటుంది. అధికారి లాగిన్‌తో వేల కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న ఆరోపణపై అప్పటి ఓటర్ల నమోదు అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. కాబట్టి తనిఖీలే వద్దని నేననలేను. దొంగ ఓటు పడితే అది నీ ఓటును కొట్టేసినట్టే. నేనడిగేది ఒక్కటే. తనిఖీ చేసే భారం ఆఫీసు మొయ్యాలి గాని, బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయి మీద వెయ్యకూడదు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఆ దారిలోనే ఉంది. జాబితాలో ఉన్న పేరు సరైనదేనన్న ఉద్దేశంతో మొదలుపెట్టాలి, నోటీసు ఇచ్చి చెప్పుకోవడానికి అవకాశమివ్వకుండా తీసెయ్యకూడదని.

ఓటింగ్ శాతం మీద దీని ప్రభావం గురించి జనం పెద్దగా మాట్లాడరు గాని, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. 2024లో రాష్ట్రమంతా 80 శాతం దాటి ఓట్లు పడ్డాయి. దర్శిలో 90 దాటింది. తిరుపతి అసెంబ్లీ స్థానం 63 శాతంతో అందరికంటే కింద నిలిచింది. "తిరుపతివాళ్ళకు బద్ధకం" అన్నారు. నువ్వే చెప్పు, ఏడింటికే వెళ్ళిన నీది బద్ధకమా? నువ్వు ఆ 63లోనూ లేవు, వెయ్యని 37లోనూ లేవు. పేరే లేని మనిషి లెక్కలోకే రాదు.

వెయ్యి పేర్లున్న ఒక బూత్ అనుకుందాం. 630 మంది వేస్తే 63 శాతం. అందులో 150 మంది చనిపోయినవాళ్ళో, ఊరు విడిచినవాళ్ళో అనుకుని ఆ పేర్లు తీసేస్తే, అదే 630 ఓట్లకు 74 శాతం అవుతుంది. ఒక్క ఓటు కూడా పెరగలేదు, శాతం మాత్రం పెరిగింది. ఆ 150లో నీలాంటివాళ్ళు ఇరవై మంది పోయినా శాతం పెరిగినట్టే కనిపిస్తుంది. తిరుపతిలాంటి ఊళ్ళో, చదువుకోవడానికీ ఉద్యోగాలకూ వచ్చి పోయే జనం ఎక్కువ కాబట్టి, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు మిగిలిపోతాయి, ఉన్నవాళ్ళ పేర్లు ఎగిరిపోతాయి. రెండూ ఒకే జాబితాలో జరుగుతాయి.

2025లో బీహార్‌లో జాబితాను మొదటినుంచీ సవరించినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు రాలేదు. ఏ పేరు ఎందుకు తీశారో కారణంతో సహా ప్రకటించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాతే జనానికి తమ పేరు ఎందుకు పోయిందో తెలుసుకునే దారి దొరికింది. నవంబరు ఎన్నికల్లో ఓటింగ్ 57 నుంచి 67 శాతం దాకా పెరిగింది. జనం నిజంగానే ఎక్కువమంది కదిలారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. కానీ ఆ పెరుగుదలలో ఎంత భాగం కొత్తగా కదిలిన జనానిది, ఎంత భాగం చిన్నదైన జాబితాది అని శాతం ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు.

అమెరికా సంగతి కూడా రెండు మాటల్లో. అక్కడ రాష్ట్రానికో రూలు. కార్డు రూలు వల్ల కాన్సాస్, టెనెసీ రాష్ట్రాల్లో ఓటింగ్ 2, 3 శాతం పాయింట్లు తగ్గిందని 2014లో వాళ్ళ ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్కగట్టింది. 2008 నుంచి 2018 దాకా దేశమంతా చూసిన ఇంకో అధ్యయనం మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల కనపడలేదంది. కాబట్టి మీ స్నేహితురాలి కూతురు చెప్పింది పూర్తి అబద్ధం కాదు, పూర్తిగా తేలిపోయిన సంగతీ కాదు. బ్రిటన్‌లో 2023 స్థానిక ఎన్నికలకు మొదటిసారి ఫోటో గుర్తింపు అడిగారు. టేబులు దాకా వచ్చి, ఓటు వెయ్యలేకపోయినవాళ్ళు సుమారు 14,000 మందని లెక్క తేలింది. గుమ్మం దగ్గర బోర్డు చూసి వెనక్కి తిరిగినవాళ్ళు ఆ లెక్కలో లేరు. ఎక్కడైనా అంతే, ఇంటి దగ్గరే ఆగిపోయినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు.

ఇప్పుడు నీ పని చూద్దాం.

ఈ రాత్రే నీ కార్డు మీది నంబరుతో ఎన్నికల సంఘం యాప్‌లో వెతుకు, లేదా 1950కి ఫోన్ చెయ్యి. పాత వీధి బూత్‌లో పేరు ఇంకా ఉంటే ఫారం-8 పెట్టి ఇప్పటి ఇంటికి మార్పించుకో. ఇంటిపేరు సవరణ కూడా అందులోనే అయిపోతుంది. పేరు ఎక్కడా లేకపోతే ఫారం-6 పెట్టాలి. కార్డు ఉందన్న ధైర్యంతో ఏమీ చెయ్యకుండా మాత్రం ఉండొద్దు.

అగ్రిమెంటు కోసం ఓనరును బతిమాలాల్సిన పని లేదు. నీ పేరున గ్యాస్ బిల్లుందా? ఈ ఇంటి అడ్రసుతో బ్యాంకు పాస్‌బుక్ ఉందా? ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నావా? వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. ఏదీ లేకపోయినా దరఖాస్తు తీసుకోవాలి, బీఎల్‌ఓ వచ్చి నువ్వు అక్కడ ఉంటున్నావో లేదో చూసి రాస్తారు. ఇల్లే లేక బస్టాండు దగ్గర పడుకునేవాళ్ళకు కూడా ఓటు ఉంది. బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్ళి వాళ్ళు అక్కడే పడుకుంటున్నారా అని చూడాలని ఎన్నికల సంఘం నిబంధన. వాళ్ళకే ఉన్నప్పుడు నీకు లేకపోవడమేమిటి? బీఎల్‌ఓ వచ్చేసరికి నువ్వు షాపులో ఉంటావు కాబట్టి వాళ్ళ ఫోన్ నంబరు తీసుకుని, ఏ టైములో ఇంట్లో ఉంటావో ముందే చెప్పు. కింద ఓనరుకూ, పక్కింటివాళ్ళకూ "ఎవరైనా వస్తే నేను ఇక్కడే ఉన్నానని చెప్పండి" అని ఒక మాట వేసిపెట్టు. అవ్వ పేరు పోయింది ఆ ఒక్క మాట లేకనే.

దరఖాస్తు పెట్టాక వచ్చే రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకో. కాదంటే కారణం రాతపూర్వకంగా అడుగు. నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకు. నామినేషన్ల చివరి రోజు దాటితే పేరు చేర్చరు, దానికి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు అందాలి. మునిసిపల్ ఎన్నికలను వేరే సంఘం, అంటే రాష్ట్ర ఎన్నికల సంఘం జరిపినా, వాళ్ళ వార్డు జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. ఇక్కడ లేకపోతే అక్కడా ఉండవు.

ఇంటిపేరు గురించి భయం వద్దు. మనిషి నువ్వేనని తేలితే చిన్న చిన్న తేడాలకు ఓటు ఆపకూడదు. అయినా సరిచేయించుకో. ఎందుకంటే ఆడవాళ్ళ పేరు విషయంలో ఈ దేశంలో పెద్ద కథే నడిచింది. 1951-52 మొదటి ఎన్నికల జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిన లక్షలమంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించారు. అలా రాస్తే కుదరదని అప్పటి ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. సుమారు 28 లక్షలమంది పేర్లు జాబితా నుంచి పోయాయి. కఠినంగా అనిపిస్తుంది గాని, తర్వాతి ఎన్నికలకు వాళ్ళు తమ పేరు తామే చెప్పి రాయించుకున్నారు. మీ ఆయన "నీ ఒక్క ఓటు" అంటే ఈ సంగతి చెప్పు.

ఆయన విషయానికొస్తే, ఓటర్లను సొంతూళ్ళకు చేర్చే బస్సు నడిపే మనిషే తన ఊరికి చేరలేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. 2019లో దేశంలో 30 కోట్లకు పైగా ఓటర్లు ఓటు వెయ్యలేదని ఎన్నికల సంఘమే చెప్పింది. వలస వెళ్ళినవాళ్ళు ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసేలా ఒక మెషీన్‌ను తయారుచేసి 2023 జనవరిలో పార్టీలకు చూపించడానికి పిలిచారు. పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగిపోయింది. పోస్టల్ ఓటు సైనికులకు, ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్ళకు, ఇంకా కొన్ని వర్గాలకే. కాబట్టి ఆయన ఒక చోటు తేల్చుకోవాలి. పని కోసం తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన పల్లెలో ఓటు పోదు, ఉంచుకోవచ్చు. నిజంగా నెలకు నాలుగు రోజులైనా వచ్చి ఉండేది నీ దగ్గరే అయితే తిరుపతికి మార్చుకోవడం మేలు. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం నేరం, తప్పుడు డిక్లరేషన్‌కు ఏడాది దాకా జైలు పడొచ్చు. గంగజాతరకు ఎలాగో సెలవు దొరికించుకుని వస్తాడు కదా, ఓటుకు కూడా అలాగే ముందుగా అడగమను. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అదే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135-బి సెక్షన్ చెబుతుంది. రోజుకూలీలకూ అది వర్తిస్తుంది. మీ షాపు ఓనరుకు కూడా ఈ మాట చెప్పు. "పదకొండుకల్లా రండి" అనడానికి లేదు. ఇవ్వకపోతే వేసే జరిమానా 500 రూపాయలే, అది చాలా తక్కువని నేనూ అంటాను. ఒకవేళ పని వల్ల ఆలస్యమైతే, పోలింగ్ ముగిసే టైముకు లైన్లో నిలబడి ఉంటే చాలు. స్లిప్పులిచ్చి, చివరి మనిషి దాకా ఓటు వేయిస్తారు.

మీ అత్తకు ఇంటి దగ్గరే ఓటు వయసు లెక్కన రాదు. దానికి 85 దాటాలి. కానీ 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉంటే వయసుతో పని లేదు. మోకాళ్ళు అంత దెబ్బతిని ఉంటే ముందు ఆ సర్టిఫికెట్ కోసం ప్రయత్నించండి. చేతిలో ఉంటే, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం-12డి నింపి బీఎల్‌ఓకు ఇవ్వాలి. ఆ తర్వాత పోలింగ్ సిబ్బందే ఇంటికి వచ్చి, రహస్యంగా ఓటు వేయించుకుని పోతారు. ఒకసారి ఇంటి ఓటుకు పేరు రాయించుకుంటే పోలింగ్ రోజు బూత్‌లో వెయ్యనివ్వరు, ఈ సంగతి ఆమెకు ముందే చెప్పు. సర్టిఫికెట్ రాకపోతే బూత్‌లో చక్రాల కుర్చీ అడుగు. ఆమె పేరు తిరుపతిలో ఉందో, పల్లెలోనే ఉండిపోయిందో నువ్వు రాయలేదు. నీ పేరు వెతికే రోజే ఆమెదీ వెతుకు.